చర్చి గుమ్మంలో వైద్యశాల: తూర్పు లండన్ అనుభవం

1931 సెప్టెంబరులో రెండవ రౌండ్ టేబుల్ సమావేశం కోసం లండన్ చేరిన గాంధీ హోటల్లో దిగలేదు. నగరానికి తూర్పున, బో అనే కార్మికుల పేటలో, కింగ్స్‌లీ హాల్ అనే భవనం పై అంతస్తులోని చిన్న గదిలో దాదాపు పన్నెండు వారాలు ఉన్నారు. తెల్లవారుజామున కాలువగట్ల వెంట నడిచేవారు, పేటలోని పిల్లలతో కబుర్లు చెప్పేవారు, ఆ తరువాత సమావేశాలకు బయలుదేరేవారు. ఇదంతా మనవాళ్ళు చదువుకున్నదే. అయితే ఆ హాలు ఏమిటి, దాన్ని ఎవరు, ఎందుకు పెట్టారు అన్న ప్రశ్న మాత్రం గాంధీ కథలో సాధారణంగా పక్కకు పోతుంది.

దాన్ని పెట్టినవారు మ్యూరియల్ లెస్టర్, డోరిస్ లెస్టర్ అనే అక్కచెల్లెళ్ళు. బాప్టిస్టు కుటుంబం, తండ్రి ఓడల వ్యాపారంలో బాగా గడించినవాడు. 1914లో తమ్ముడు కింగ్స్‌లీ చనిపోతే, అతను వదిలివెళ్ళిన డబ్బుతో 1915లో బో పేటలో వాడుకలో లేని ఒక ప్రార్థనామందిరాన్ని తీసుకుని, దానికి అతని పేరు పెట్టారు. ఆదివారం ఆరాధన జరిగేది. మిగిలిన రోజుల్లో పసిపిల్లల బడి, పెద్దవాళ్ళకు రాత్రి చదువు, మద్యం లేని క్లబ్బు, చవక భోజనం. ఇప్పుడున్న కట్టడం 1928లో తెరిచారు. మ్యూరియల్ పోప్లర్ పురపాలక సంఘంలో సభ్యురాలై మాతాశిశు సంక్షేమ కమిటీ బాధ్యత కూడా చూశారు. పాలు, టీకాలు, పసిబిడ్డల బరువులు అన్నవి ఆమె దృష్టిలో ప్రార్థనకు వేరైన పనులు కావు.

ఆ హాలునుంచి కొద్ది నిమిషాలు నడిస్తే బ్రామ్‌లీ-బై-బో సెంటర్ వస్తుంది. ఈనాడు బ్రిటన్‌లోని ప్రతి జీపీకి పరిచయమైన ‘సోషల్ ప్రిస్క్రైబింగ్’ అన్న పద్ధతి గురించి ఎక్కడ చదివినా ఈ సెంటర్ పేరు మొదటి పేజీల్లోనే కనిపిస్తుంది. వైద్యుడు మాత్రలకు బదులుగానో, మాత్రలతో పాటుగానో రోగిని ఒక తోటపని బృందానికో, వంట తరగతికో, అప్పుల సలహాదారుకో పంపడం దీని సారాంశం. ఇది ఒక చర్చి ఇంట్లో పుట్టి పెరిగిన సంగతి మాత్రం ప్రభుత్వ పత్రాల్లో అంతగా వినిపించదు. ఆ చర్చి చేసిన పని ఏమిటో తెలియకుండా పద్ధతిని మాత్రమే అందిపుచ్చుకోవడం వల్ల ఏమి జారిపోయిందో చూడవలసిన అవసరం ఉంది.

తెలుగు పాఠకుడికి చర్చి, వైద్యం అన్న రెండు మాటలు కలిపి వినగానే గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రి, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వంటివి మనసులో మెదులుతాయి. అక్కడ వైద్యుడే లేడు, చర్చి వైద్యుణ్ణి తెచ్చింది. కనుక దాని పాత్ర స్పష్టం. బ్రిటన్ పరిస్థితి వేరు. 1948 జూలైలో ఎన్.హెచ్.ఎస్. మొదలైనప్పటి నుంచి వైద్యం అందరికీ ఉచితం. ప్రభుత్వమే డాక్టరును, నర్సును, ఆసుపత్రిని ఇస్తున్నచోట చర్చి పోషించే సేవాసంస్థకు ఆరోగ్యరంగంలో మిగిలే పని ఏమిటి?

ఆ ప్రశ్నకు ఈ పేటలోనే పాత జవాబులు ఉన్నాయి. 1888లో ఇక్కడి బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడపిల్లలు సమ్మె చేశారు. ఆ రోజుల్లో అగ్గిపుల్లల తలకు తెల్ల భాస్వరం పూసేవారు. దాని ఆవిరి ఏళ్ళ తరబడి పీల్చినవారికి దవడ ఎముక కుళ్ళిపోయేది, పంటినొప్పితో మొదలై ముఖం రూపే మారిపోయేది. (ఎముకల బలానికి, క్యాన్సరుకు వాడే బిస్‌ఫాస్ఫోనేట్ మందులవల్ల కొందరికి దవడ ఎముక చచ్చుబడడం ఈ శతాబ్దం మొదట్లో గమనించినప్పుడు, వైద్యులు వెనక్కి తిరిగి చూసింది ఈ అగ్గిపుల్లల పిల్లల వైపే.) తెలుగునాట రక్షణ సైన్యంగా తెలిసిన సాల్వేషన్ ఆర్మీ 1891లో ఇదే పేటలో తన సొంత అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ తెరిచింది. తెల్ల భాస్వరానికి బదులు అపాయం లేని ఎర్ర భాస్వరం వాడింది, కూలి ఎక్కువ ఇచ్చింది. కుళ్ళిన దవడకు కట్టు కట్టే ధర్మాసుపత్రి కాకుండా దవడ కుళ్ళని ఫ్యాక్టరీని కట్టడం ఆ కాలానికి గొప్ప వైద్యబుద్ధి. వ్యాపారంగా అది నిలదొక్కుకోలేదు, పదేళ్ళకు మూతపడింది. అయితే అప్పటికి పెద్ద ఫ్యాక్టరీ కూడా తెల్ల భాస్వరాన్ని వదిలిపెట్టింది. చట్టం దాన్ని నిషేధించడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

పక్కనే పోప్లర్‌లో ఆంగ్లికన్ సన్యాసినులు దశాబ్దాలపాటు ఇంటింటికీ వెళ్ళి పురుళ్ళు పోశారు. బీబీసీలో 2012 నుంచి వస్తున్న ‘కాల్ ద మిడ్‌వైఫ్’ సీరియల్ చూసేవారికి వాళ్ళు పరిచితులే. దానికి ఆధారమైన జెనిఫర్ వర్త్ జ్ఞాపకాలు 1950ల నాటివి, అంటే ఎన్.హెచ్.ఎస్. వచ్చిన తరువాతివి. వైద్యం ప్రభుత్వానిదైన తరువాత కూడా సైకిలెక్కి గుమ్మందాకా వచ్చినది చర్చి మనిషే.

ఇక 1984. యునైటెడ్ రిఫార్మ్డ్ చర్చికి చెందిన ఆండ్రూ మాసన్ అనే యువపాస్టరు బ్రామ్‌లీ-బై-బో చర్చికి వచ్చారు. రెండువందల మంది పట్టే గుడిలో ఆరాధనకు వచ్చేది పన్నెండు మంది వృద్ధులు. బ్యాంకులో నాలుగు వందల పౌండ్లు. చుట్టూ లండన్‌లోనే అతి పేదవైన కాలనీలు, ఒకే వీధిలో పలు భాషలు, తలుపులు వేసుకుని బ్రతికే కుటుంబాలు. ఇటువంటి చర్చిలను ఆ కాలంలో ఇంగ్లండులో మూసేసి అమ్ముతున్నారు. కార్పెట్ దుకాణాలుగా, అపార్టుమెంట్లుగా మారినవి ఎన్నో.

మాసన్ మొదట పెద్ద పథకమేమీ వేయలేదని ఆయన తరువాత చెప్పుకున్న కథనాన్ని బట్టి తెలుస్తుంది. ఖాళీగా ఉన్న గదులను అడిగినవారికి ఇచ్చారు. పని చేసుకునేందుకు చోటు లేని కళాకారులు వస్తే, అద్దె బదులు పేటవాళ్ళకు ఆ పని నేర్పమన్నారు. చెక్కపని, కుండలు, రంగు అద్దాలు అలా వచ్చాయి. చిలీలో సైనికపాలన నుంచి తప్పించుకు వచ్చిన ఒక శిల్పి ఇక్కడ చెక్కడం నేర్పారు. తల్లులు పిల్లల్ని ఉంచే చోటు అడిగితే నర్సరీ వచ్చింది. దానికోసం గుడి లోపలి బల్లలు తీసేశారు. మధ్యలో గుండ్రటి ఆరాధన స్థలం, దానిపైన తెరచాప వంటి గుడ్డ పందిరి, చుట్టూ పసిపిల్లల ఆటస్థలం. ఆదివారం ఆ మధ్యభాగంలో ప్రార్థన, సోమవారం నుంచి అంతటా పిల్లల గోల. ఆ పన్నెండు మంది వృద్ధులు దీనికి ఒప్పుకున్నారు. ఈ ఉదంతంలో పాస్టరు చొరవ గురించి ఎంతో రాశారు గాని, అలవాటైన బల్లలను ఊడదీయడానికి సరేనన్న ఆ పన్నెండు మందిని గురించి తక్కువే. సంస్థ మొదటి పెట్టుబడి వారిదే. డబ్బు కాదు, చోటు.

వైద్యం ఇందులోకి వచ్చింది ఒక మరణం వల్ల. 1992లో పేటలోని ఒక యువతి, చిన్నపిల్లల తల్లి, క్యాన్సరుతో ఇంట్లోనే చనిపోయింది. చివరి నెలల్లో ఆమెను చూసుకున్నది సెంటరుకు వచ్చే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. స్నానం, వంట, పిల్లల బడి, రాత్రి తోడు. ఆసుపత్రి, జీపీ, సామాజిక సంక్షేమ శాఖ అన్నీ కాగితం మీద ఉన్నాయి, దేని బాధ్యత దేనిదో ఒకదానికొకటి చెప్పుకోలేదు. ఆమె పోయాక సెంటరువాళ్ళు విచారణ కోరారు. వ్యవస్థలోని ప్రతి భాగమూ తన పరిధిలో తప్పు చేయలేదన్న జవాబు ఎంత సులువుగా వస్తుందో ఆసుపత్రుల్లో పనిచేసేవారికి తెలుసు. తప్పు ఆ పరిధుల మధ్యనున్న సందుల్లో జరుగుతుంది. మనమే ఒక వైద్యశాల కట్టుకుందాం అన్న నిర్ణయం అక్కడ పుట్టింది.

అధికారులు వెంటనే ఒప్పుకోలేదు. క్లినిక్ అంటే క్లినిక్, అందులో నర్సరీ, శిల్పశాల, తోట ఏమిటన్నది వాళ్ళ సందేహం. చివరకు 1997లో వైద్యశాల తెరుచుకుంది. ఇందులో గమనించవలసిన ఏర్పాటు ఒకటుంది. కట్టడం డాక్టర్లది కాదు, ప్రభుత్వానిది కాదు, పేట సంస్థది. జీపీలు అద్దె కట్టి అందులో పనిచేస్తారు. బ్రిటన్‌లో జీపీలు ఎన్.హెచ్.ఎస్. ఉద్యోగులు కారు, ఒప్పందం మీద పనిచేసే స్వతంత్రులు. సాధారణంగా సర్జరీ భవనం వాళ్ళ సొంత ఆస్తిగానో, వాళ్ళు బయట అద్దెకు తీసుకున్నదిగానో ఉంటుంది. ఇక్కడ రోగులే ఇంటి యజమానులు, డాక్టరు కిరాయిదారు. పాడుబడిన మూడెకరాల పార్కును బాగుచేసి, దాని అంచున, తోటలోంచి నడిచి వచ్చేలా భవనం కట్టారు. రిసెప్షను దగ్గర రోగికీ గుమాస్తాకూ మధ్య గాజు అడ్డం పెట్టలేదు.

ఆ జీపీల్లో ఒకరైన శామ్ ఎవరింగ్టన్ పేరు విదేశాల్లోని భారతీయ వైద్యులు గుర్తుంచుకోదగినది, మరో కారణం చేత. 1993లో ఆయన, అనీజ్ ఇస్మాయిల్ కలిసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఒకే స్థాయి చదువు, అనుభవం ఉన్న జంట దరఖాస్తులు తయారు చేసి, ఒకదానికి ఇంగ్లీషు పేరు, మరొకదానికి ఆసియా పేరు పెట్టి ఆసుపత్రి ఉద్యోగాలకు పంపారు. ఇంటర్వ్యూ జాబితాలోకి ఇంగ్లీషు పేర్లు రెట్టింపు ఎక్కాయి. అబద్ధపు దరఖాస్తులు పంపినందుకు పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. కేసు ముందుకు సాగలేదు గాని అధ్యయనం అర్ధాంతరంగా ఆగింది. లండన్, మాంచెస్టర్‌ల పేద వీధుల్లో, గ్లాస్గో, వేల్స్ గనుల ఊళ్ళలో, స్థానిక డాక్టర్లు వద్దన్న జీపీ ఉద్యోగాల్లో ఒక తరం భారత ఉపఖండపు వైద్యులు, అందులో తెలుగువారూ, ఎందుకు స్థిరపడ్డారో ఆ ఫలితం కొంత చెబుతుంది. ఇతరులు వద్దన్న పేటలో స్థిరపడ్డ ఆ డాక్టర్లకూ, ఇతరులు అమ్మేస్తున్న గుడిని నిలుపుకున్న ఆ చర్చికీ పోలిక లేకపోలేదు.

ఇక పని ఎలా జరుగుతుంది? ఒక తల్లి ఆస్తమాతో ఉన్న బిడ్డను తీసుకువచ్చిందనుకుందాం. ఇన్‌హేలరు రాసివ్వడానికి జీపీకి పది నిమిషాలు చాలు. ఇంటి గోడ మీద బూజు ఉంది, ఇంటి యజమాని పట్టించుకోడు, ఆమెకు ఇంగ్లీషులో ఉత్తరం రాయడం రాదు, భర్త పని పోయి అద్దె బాకీ పడింది. ఇవేవీ ఆ పది నిమిషాల్లో పట్టవు. బ్రిటన్ జీపీల సమయంలో దాదాపు ఐదోవంతు వైద్యం కాని సమస్యలకే పోతోందని 2015లో సిటిజన్స్ అడ్వైస్ సంస్థ సర్వే తేల్చింది. బ్రామ్‌లీ-బై-బోలో డాక్టరు ఆమెను అదే ఆవరణలోని మనిషి దగ్గరకు పంపుతారు. ఆ మనిషి మొదట అడిగేది, మీకేమిటి జబ్బు అని కాదు, మీకు ఏది ముఖ్యం అని. తరువాత ఇంటి సమస్యకు సలహాదారు, భాషకు ఇంగ్లీషు తరగతి. ఆ తరగతికి వచ్చినామె కొన్ని నెలలకు వంట బృందంలో చేరవచ్చు, ఇంకొన్నాళ్ళకు తానే ఒకరికి నేర్పవచ్చు. చిన్న వ్యాపారాలు పెట్టుకున్నవారున్నారు. ఇదంతా ఒకే తోట చుట్టూ జరుగుతుంది గనుక, ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి పోవడానికి బస్సెక్కనక్కరలేదు, కొత్త ఫారం నింపనక్కరలేదు. ఉద్యోగం, ఇల్లు, స్నేహం జబ్బుపై చూపే ప్రభావాన్ని గురించి మైకేల్ మార్మట్ వంటివారు పుస్తకాలు రాశారు. ఇక్కడ ఆ జ్ఞానం ఇటుకల్లో ఉంది.

మతం సంగతి? తెలుగు పాఠకుడు తప్పక అడిగే ప్రశ్న, అడగవలసిన ప్రశ్న. సెంటరు ఉన్న టవర్ హామ్‌లెట్స్‌లో మూడో వంతు పైగా జనం బంగ్లాదేశ్ మూలాలవారు. ఇంగ్లండు మొత్తంలో ముస్లిం జనాభా శాతం అత్యధికంగా ఉన్న ప్రాంతం ఇదే. సెంటరుకు వచ్చేవారిలో క్రైస్తవేతరులే ఎక్కువ, పనిచేసేవారిలో అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ ఉన్నారు. ఇక్కడ సేవ పొందడానికి ప్రార్థన షరతు కాదు. మన ప్రాంతపు మిషన్ ఆసుపత్రులు మొదలైన కాలంలో వైద్యం, సువార్త ఒకే పెట్టెలో వచ్చాయన్నది చరిత్ర. దాన్ని దాచడం గాని, ఆ ఆసుపత్రుల్లో ప్రాణం నిలుపుకున్నవారి కృతజ్ఞతను తక్కువ చేయడం గాని న్యాయం కాదు. తూర్పు లండన్ చర్చి ఆ రెంటినీ విడదీసింది. అలా విడదీసినందుకు అది చర్చిగా మిగిలిందా, లేక సంక్షేమ కార్యాలయమైపోయిందా అన్న విమర్శ క్రైస్తవుల నుంచే వచ్చింది. ఆ వాదం తీరేది కాదు. రోగి వైపు నుంచి చూస్తే, తన పేరు తెలిసిన మనిషి నాలుగేళ్ళ తరువాత కూడా అక్కడే ఉంటాడన్నదే ముఖ్యం.

ఈ నమూనా ప్రభుత్వం కంట పడింది. 1990ల చివర లాటరీ నిధుల నుంచి 30 కోట్ల పౌండ్లతో దేశమంతటా ‘హెల్దీ లివింగ్ సెంటర్లు’ పెట్టే పథకం వచ్చింది. దాదాపు 350 కేంద్రాలు వెలిశాయి. నిధి గడువు ఉన్న నిధి. అది తీరాక చాలావాటికి కొత్త దాత దొరకలేదు. మళ్ళీ 2019లో ఎన్.హెచ్.ఎస్. దీర్ఘకాల ప్రణాళిక సోషల్ ప్రిస్క్రైబింగ్‌ను జాతీయ విధానం చేసింది. మొదట వెయ్యిమంది ‘లింక్ వర్కర్ల’ నియామకం, ఐదేళ్ళలో తొమ్మిది లక్షల మందిని వారి దగ్గరకు పంపడం లక్ష్యం. లింక్ వర్కరు జీతం ఎన్.హెచ్.ఎస్. ఇస్తుంది. ఆ లింక్ వర్కరు రోగిని పంపే వంట తరగతికి, తోటకు, వృద్ధుల మధ్యాహ్న భోజనానికి డబ్బు ఎవరివ్వాలి? ప్రణాళికలో దీనికి సరైన జవాబు లేదు. 2010 తరువాత స్థానిక సంస్థల నిధులు తగ్గి గ్రంథాలయాలు, యువజన కేంద్రాలు మూతపడుతున్న కాలం అది. మందు రాసే చేతిని ప్రభుత్వం కొనుక్కుంది, మందుల కొట్టును మాత్రం పేట దయకు వదిలింది. ఆ కొట్టు చాలాచోట్ల ఏదో ఒక చర్చి హాలే, ఇప్పుడు కొన్నిచోట్ల మసీదు, గురుద్వారా, గుడి కూడా. సాల్స్‌బరీలో 2000లో ఒక క్రైస్తవ సంస్థ మొదలుపెట్టిన ఫుడ్‌బ్యాంకు పద్ధతీ ఇలాంటిదే. అక్కడా చీటీ రాసేవారిలో జీపీలున్నారు, బియ్యం, పప్పుడబ్బాలు తెచ్చేది విశ్వాసులూ ఇరుగుపొరుగులూ.

వైద్యులు ఇంకో ప్రశ్న కూడా వేయాలి. ఇది పనిచేస్తుందా? ఉత్సాహం ఎక్కువ, రుజువు తక్కువ అన్నదే నిజాయితీగల జవాబు. 2017లో యార్క్ పరిశోధకులు అప్పటికి లభించిన 15 మూల్యాంకనాలను వరుసగా పరిశీలించి, చాలావరకు చిన్నవీ పక్షపాతానికి అవకాశమున్నవీ అని తేల్చారు. గ్లాస్గోలోని అతి పేద ప్రాంతాల 15 జీపీ క్లినిక్‌లలో జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. లింక్ వర్కర్లున్న క్లినిక్‌ల రోగులకూ, లేనివారికీ తొమ్మిది నెలల తరువాత జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాని లింక్ వర్కరును మూడుసార్లు లేదా అంతకంటే ఎక్కువ కలిసినవారిలో జీవన నాణ్యత, ఆందోళన, దిగులు మెరుగయ్యాయి. పదేపదే వచ్చినవారు మొదటినుంచే పట్టుదల గలవారు కావచ్చు గనుక, దీన్ని కారణ సంబంధంగా పట్టుకోవడం తొందరపాటు. అయినా ఆ అధ్యయనంలో పంపినవారిలో సగం మంది కూడా మూడుసార్లు కలవలేదన్నది ఆలోచించవలసిన విషయం. జాతీయ పథకంలో లెక్క పెట్టేది ఎంతమందిని పంపారని. ఎంతమంది వెళ్ళారు, ఎన్నాళ్ళు ఉన్నారు అన్నది పట్టికల్లో అంత సులువుగా చేరదు.

కింగ్స్‌లీ హాల్ కథలో చివరి మలుపు కూడా వైద్యానిదే. 1965 నుంచి అయిదేళ్ళు మనోవైద్యుడు ఆర్. డి. లెయింగ్ ఆ హాలును తీసుకుని, తాళాలు లేకుండా, మందులు ఒత్తిడి చేయకుండా, స్కిజోఫ్రీనియా రోగులతో కలిసి నివసించే ప్రయోగం చేశాడు. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడింది. పేటవాళ్ళకు మాత్రం అది నచ్చలేదు, కిటికీ అద్దాలు పగిలాయి. లెయింగ్ బృందం ఆ పేటలో ఉన్నది గాని పేటతో లేదు. వాళ్ళు ఖాళీ చేశాక భవనం పాడుబడింది. గాంధీపై సినిమా చిత్రీకరణ అక్కడ జరిగినప్పుడు దానికి మళ్ళీ గుర్తింపు వచ్చి, 1985లో బాగుచేసి తెరిచారు. ఇప్పుడది పేట సంఘం నడిపే సామాజిక కేంద్రం. గాంధీ ఉన్న గది పైన అలాగే ఉంది. కింది హాలు పేటవాళ్ళ వాడకంలో ఉంది.